వదిన లెక్క

గాజు గొట్టాలను మంట మీద వంచి అక్షరాలు చేయడంలో మేస్త్రికి ఎదురులేని రోజులుండేవి. వెలిగే బోర్డు కావాలంటే ఊరంతా ఆయన గుమ్మమే తొక్కేది. ఎల్ఈడీలు వచ్చి రెండేళ్లు తిరక్కుండానే ఆ పని మూలపడింది. మేస్త్రి కూడా ఎల్ఈడీ బోర్డులకే దిగాడు గానీ, లెక్కలంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. బల్బు మాడకుండా కరెంటును తగ్గించే రెసిస్టరు ఎంతది వేయాలో కంటిచూపుతో తేల్చేసేవాడు. ఒక మందుల షాపు బోర్డుకు స్విచ్ వేసిన మూడో నిమిషానికి నలభై ఎర్ర బల్బులు వరసగా కన్నుమూశాయి. చూడవచ్చిన జనం నవ్వారు. ఆయన నిచ్చెన దిగి తల ఎత్తకుండా ఇంటికొచ్చాడు.

ఇంట్లో అన్న భార్య ఉంది. సాంకేతిక పాఠశాలలో ల్యాబ్ చూసుకునే మనిషి. జరిగింది విని ఆమె ఓదార్చలేదు. సప్లయి ఎన్ని వోల్టులు, బల్బులు తీసుకునేవి ఎన్ని అని అడిగింది.

"మిగిలిన వోల్టులు ఎవరో ఒకరు మింగాలిగా మరిదీ. రెసిస్టరు మింగకపోతే బల్బే మింగి చస్తుంది" అంది.

మేస్త్రికి అర్థమైంది. నిచ్చెనెక్కేసరికి మరిచిపోయాడు. నాలుగుసార్లు కాగితం మీద రాసిచ్చి విసిగిపోయిన వదిన, సెలవుల్లో పాత కంప్యూటరు ముందు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. సప్లయి ఎంత, బల్బు రంగేది, వరసకు ఎన్ని అని మూడే ప్రశ్నలు. జవాబు పక్కన, ఏ రెసిస్టరో గుర్తుపట్టడానికి దాని మీది రంగుగీతల బొమ్మ. అంకె తప్పు కొడితే, "మరిదీ, మాడిపోతుంది. మళ్లీ చూసుకో" అని తెర మీద వచ్చేది.

మొదటిరోజే పేచీ వచ్చింది. పన్నెండు వోల్టులకు మూడు ఎర్ర బల్బులంటే ప్రోగ్రాం మూడువందల ఓముల రెసిస్టరంది. మేస్త్రి విడిభాగాల కొట్టుకు వెళ్లి, ఆ అంకెది దొరక్క ఉత్తచేతులతో తిరిగొచ్చి, బజారులో దొరికేవే చెప్పమను వదినా అన్నాడు. ఆమె రెండు రోజులు మూతి ముడుచుకుంది. మూడోరోజు, ఆ పైన దొరికే మూడువందల ముప్పై చూపించేలా మార్చి, ఈ తెలివి నీదేలే అని ఒప్పుకుంది.

కొట్టతను తనకూ ఒకటి కావాలన్నాడు. అడిగిన వాళ్లందరికీ ఊరికే ఇచ్చేయమంది వదిన. ఫ్లాపీలు చేతులు మారాయి. తెర అందరినీ మరిదీ అనే పిలిచేది కాబట్టి ప్రోగ్రాం పేరే 'వదిన' అయిపోయింది. గడ్డాలు నెరిసిన ఎలక్ట్రీషియన్లు కొట్టు ముందు నిలబడి "వదిన ఏమంటోంది?" అని అడిగేవారు. తనకు ఊరినిండా తమ్ముళ్లు పుట్టుకొచ్చారని అన్న తల పట్టుకునేవాడు.

తర్వాత అన్న పోయాడు. వదిన ఉద్యోగం నుంచి దిగిపోయింది. చూపు మందగించాక మాటలు కూడా తగ్గించింది.

మొన్నామధ్య ఒక హోటలు బోర్డు పని దగ్గర, వేరే ఊరి నుంచి వచ్చిన ఎలక్ట్రీషియను అమ్మాయి ఫోను తీసి అంకెలు కొడుతూ ఒకటి తప్పు కొట్టింది. మేస్త్రి పక్క నుంచి తొంగిచూశాడు. తెర మీద 'మరిదీ' అని ఉంది. ఆయన ఫోను వైపు వేలు చూపించి, అదెక్కడిదని అడిగాడు.

"మా నాన్న ఫ్లాపీలో ఉండేదండీ. నేనే ఫోనుకు మార్చి అందరికీ ఊరికే పెట్టాను. ఆవిడెవరో తెలీదు గానీ, ఆ మాట తీసేయబుద్ధి కాలేదు."

"మా వదినే" అన్నాడు మేస్త్రి.

మర్నాడు అమ్మాయిని ఇంటికి తీసుకెళ్లాడు. ఆ అమ్మాయి ఫోనులోని లెక్కలు ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంటే వదిన కళ్లు మూసుకుని వింది. కన్నీళ్లు పెట్టుకుంటుందేమోనని మేస్త్రి భయపడ్డాడు. వదిన మాత్రం, తెల్ల బల్బుకు ఎన్ని వోల్టులు పెట్టావని అడిగింది. మూడు పాయింట్ ఆరు, మీరు పెట్టిందే అంది అమ్మాయి.

"అది అప్పటి బల్బులకమ్మా. ఇప్పటివాటికి మూడే చాలట. తెల్లవి తొందరగా పోతున్నాయా?"

పోతున్నాయని, బల్బులే నాసిరకం అనుకున్నానని ఆ అమ్మాయి ఒప్పుకుంది. అక్కడే కూర్చుని దిద్దింది. వరసకు మూడు తెల్ల బల్బులకు అరవై ఎనిమిది ఓములు చెప్పేది కాస్తా నూటయాభై చెప్పింది. వదిన నోటిలెక్క వేసుకుని సరేనంది.

నీలం, ఆకుపచ్చ కూడా చూడాలి, ఆదివారం రమ్మంది. ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, వరండాలో రెండు కుర్చీలు వేయించి, వీధి వైపు చెవి పెట్టి కూర్చుంది.