ఫార్వర్డ్ మెడలో ట్యాగ్

"బంతి అన్నం పెడుతుందా?" అని మా అమ్మ ఎస్తేరు రోజూ దెప్పుతుంది. అమ్మ నర్సు. నేను డిగ్రీ ఫైనలియర్, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్‌ని. ఎడమ చేత్తో బాస్కెట్ వేయడం ఒంటబట్టడానికే ఏడాది పట్టింది. పెద్ద లీగుల్లో జీతానికి ఆడాలని నా ఆశ. ఆ మాటెత్తితే అమ్మ బీపీ చూసుకుంటుంది.

ఈలోగా గచ్చిబౌలిలో కంపెనీల టోర్నమెంట్ వచ్చింది. ఉద్యోగులే ఆడాలని రూలు. ఓ కంపెనీ జట్టులో అందరూ బొజ్జలవాళ్లే. వాళ్ల కెప్టెన్ యశ్వంత్ నా ఫొటోతో ఉద్యోగి ట్యాగ్ చేయించి నా మెడలో వేశాడు. సెమీస్‌లో ముప్ఫై ఒక్క పాయింట్లు కొట్టాను.

ఆ ట్యాగ్ ఉతికే బట్టల్లో అమ్మకు దొరికింది. నన్ను అడిగితే కదా! ఆదివారం మదీనాగూడ చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"చదువు అవకముందే మా సైమన్‌కు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇచ్చాడు దేవుడు!"

అందరూ స్తోత్రం అన్నారు. కుర్చీలో నక్కుదామంటే ఆరడుగుల మూడంగుళాలు ఎక్కడ దాగుతాయి?

బయట, మా చర్చికే వచ్చే ఆనందరావు గారు పట్టుకున్నారు. సెమీస్‌లో మేం ఓడించిన కంపెనీలో ఆయన హెచ్ఆర్ మేనేజర్. దొంగ ట్యాగ్ సంగతి బయటపడిందనుకున్నాను. ఆయన గొంతు తగ్గించారు.

"వచ్చే నెల ఇంకో టోర్నమెంట్ ఉంది బాబూ. మా ట్యాగ్ వేసుకుంటావా? కొత్త బూట్లు కూడా ఇప్పిస్తాం."

ఆ వారమే రెండో ట్యాగూ అమ్మ కంటపడింది. ఆదివారం మళ్లీ లేచింది.

"వారం తిరక్కుండానే మావాణ్ణి ఇంకా పెద్ద కంపెనీలో పెట్టాడు దేవుడు!"

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆనందరావు గారే.