పరగడుపు తల

మీరా మొహిద్దీన్ తలకు మూడోసారి కుంకుడుపులుసు రుద్దుకుంటున్నాడు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా వదల్లేదు. తలలో నూనె ఉంటే నెల్లూరులో మెదడుకు తర్ఫీదిచ్చే సెంటర్లో తలకు అంటించే బిళ్ళలు సరిగా అంటుకోవట. ఆ బిళ్ళలు మెదడు అలలను పట్టి మిషనుకు అందిస్తాయి. మనసు నిలిస్తే తెరమీద పడవ సాగుతుంది, చెదిరితే ఆగుతుంది. అట్లా ముప్ఫైసార్లు చేస్తే మెదడు తనంతట తానే దారికొస్తుందని ఆయన నమ్మకం.

భార్య జైతూన్‌బీ మూర్ఛమాత్ర అరచేతిలో పెట్టి నీళ్ళందించింది. ఆయన మాత్రను దవడన నొక్కిపెట్టి, నీళ్ళు తాగి, ఆమె పొయ్యి దగ్గరకు పోగానే కాలువలో ఉమ్మేశాడు. ఇట్లా ఇది నాలుగో రోజు.

అది మోసమని ఆయన అనుకోలేదు. ఒకప్పుడు ఇడ్లీ తిని షుగరు పరీక్షకు పోతే, తిని వస్తే రక్తం నిజం చెప్పదని ల్యాబువాడు నలుగురిలో తిట్టాడు. రక్తానికే పరగడుపు కావాలంటే తలకు అక్కర్లేదా? మాత్ర మింగి పోతే మిషను మాత్రనే చూస్తుంది, తనను చూడదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎవరినీ అడగలేదు.

పంతొమ్మిదో ఏట మొదలైన మూర్ఛను ఆ మాత్రే పన్నెండేళ్ళుగా కట్టేసి ఉంచింది. రెండేళ్ళుగా మాత్రం చేతులు వణికిస్తోంది. బిట్రగుంట రైల్వే గార్డులకు తెల్లచొక్కాలు కుట్టిన దర్జీకి సుద్దగీత వంకరపోవడం కంటే నరకం ఏముంది? ఇప్పుడు తలుపు మూసి జైతూన్‌బీ గుడ్డ కత్తిరిస్తుంది, ఆయన కుట్టుమిషను తొక్కుతాడు. పేరు ఆయనదే. ఆ పేరుతో తినే ప్రతి ముద్దా ఆయనకు గొంతులో అడ్డం పడుతోంది. మాత్ర మార్చమని డాక్టరును అడగొచ్చని తట్టనేలేదు. డాక్టరు చెప్తే వినడమే గాని, ఎదురు అడగడం ఆయన ఎరగడు.

సెంటర్లో భానుప్రియ అనే అమ్మాయి జిగురు రాసి బిళ్ళలు అంటిస్తూ అడిగింది.

"మాత్రలు వేసుకుంటా ఉండావు గదన్నా? ఇది మందుకు బదులు కాదని ముందే చెప్పినా. కొందరికి పనిచేస్తాది, కొందరికి చెయ్యదు. డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపొద్దు."

"వేసుకుంటానే ఉండా, తల్లీ."

ఆ రోజు పడవ ఒక్కసారి కూడా ఆగలేదు.

ప్యాసింజరు దిగి వచ్చేసరికి కొట్టు ముందు రిటైరైన గార్డు పద్మనాభయ్య తెల్లగుడ్డతో కూర్చుని ఉన్నాడు.

"కొత్తింట్లో పాలు పొంగిస్తా ఉండాం మీరా. చొక్కా నువ్వే కత్తిరించాల."

"నేనేనయ్యా," అన్నాడు.

ఆయన పోయాక గుడ్డ పరిచి, ఊపిరి బిగబట్టి సుద్ద ఆనించాడు. గీత తిన్నగా వచ్చింది. ఇంకోటి గీశాడు. అదీ తిన్నగానే వచ్చింది. భార్యను పిలిచి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది.

"నెల్లూరు మిషను పనిచేసిందే," అన్నాడు.

మిషను కాదు. మందు ఒంట్లోంచి దిగిపోతోంది. వణుకుతో పాటు కాపలా కూడా పోతోందని చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ముందు భాగం, వీపు భాగం, ఒక చెయ్యి కత్తిరించాడు. చాన్నాళ్ళ తర్వాత సంతోషంగా ఉన్నాడు. రెండో చెయ్యి సగంలో కళ్ళు బరువెక్కాయి. "కాసేపు నడుం వాలుస్తా. టీ వేళకు లేపు," అని లోపలి గదిలో చాపమీద బోర్లా పడుకున్నాడు.

సాయంత్రం అసర్ నమాజు బాంగు అయ్యాక జైతూన్‌బీ టీ తెచ్చింది. దిండు తడిసి ఉంది, పెదవి పక్కన నెత్తురు చార ఉంది. గ్లాసు కింద పెట్టి వీపు మీద చెయ్యి వేసింది. ఒళ్ళు చల్లబడిపోయింది.

పక్కవీధి ఆరెంపీ డాక్టరు వచ్చి నాడి చూసి, కళ్ళు చూసి, మాత్రలు గానీ మానేశాడా అని అడిగాడు.

"మానడమా? పూటపూటా నా చేత్తోనే ఇచ్చినానయ్యా," అంది జైతూన్‌బీ. కాసేపటికి మళ్ళీ అదే మాట అంది. తర్వాత, "ఈ పొద్దు ఆయన చెయ్యి కూడా వణకలేదు," అంది.

ముందుగదిలో బల్లమీద తెల్లగుడ్డ పరిచే ఉంది. రెండో చేతికి గీసిన సుద్దగీత మీద, సగం దాకా వచ్చిన కత్తెర నోరు తెరుచుకుని అట్లాగే ఉంది.