అంజిబాబు పెట్టిన లైకు

ఆషాఢంలోనే వరదొచ్చి లంకలన్నీ ములిగిపోయేయి కదా, ఆ ఏడు కాదు, దాని పై ఏడు. కార్తీకం వెళ్ళి చలి ముదిరింది. అల్లవరం అవతల రొయ్యల చెరువులవాళ్ళకి చలంటే భయం. మనిషికైతే దుప్పటుంది, రొయ్యకేం ఉంది.

సూరిబాబు కొడుకు సత్యదుర్గారావు అప్పటికి అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు. అందరూ దుర్గ అనే పిలిచేవారు. చదువుతున్నాడంటే బస్సెక్కి వెళ్ళి బస్సెక్కి వస్తున్నాడని. ప్రాణమంతా ఫోన్లో ఆట మీదుండేది. నలుగురు ఒక జట్టుగా దిగి, తుపాకులు పట్టుకుని, కనపడ్డవాడినల్లా కాల్చుకుంటూ పోయే ఆట. చెవుల్లో తీగలు పెట్టుకుని ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఒకళ్ళతో ఒకళ్ళు మాటాడుకుంటూ ఆడతారు.

ఆట ఒక పిచ్చయితే రాత ఇంకో పిచ్చి. ఆడింది ఆడి, దాని గురించి ఫోన్లోనే తెలుగులో రాసి తన పేజీలో పెట్టేవాడు. ఆటతో మొదలెట్టి ఎక్కడికో పోయేవాడు. ఆటలో బొమ్మకి ఖరీదైన బట్టలు కొనేవాడు పెళ్ళికి అద్దె కోటు తొడుక్కున్న పెళ్ళికొడుకులాంటివాడని ఒకసారి రాసేడు. పూతరేకుల్లో బాదంపప్పులు కూరేవాళ్ళకి నాలిక లేదని ఒకసారి. చచ్చినా మళ్ళీ లేస్తామని తెలుసు గనక ఆటలో అందరూ ధైర్యవంతులేనని ఒకసారి. ప్రతిదానికీ ఒక అభిప్రాయం ఉండేది వాడికి. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు ఎక్కువైనా అనేవాడు కాదు. నోటితో చెప్పలేనిదే వేలితో రాసేవాడని వాళ్ళమ్మకి తెలుసు. ఆవిడ కూడా అనేది కాదు.

వాడి రాతలు చదివేవాళ్ళు ఎంతమందో గాని, లైకు మాత్రం అంజిబాబుది తప్పేది కాదు. అంజిబాబంటే సత్తియ్య కొడుకు. సత్తియ్య సూరిబాబుకి చిన్నాన్న కొడుకు. కువైట్లో ఒకరింట్లో వంట చేసి చేసి, ఇంక చాలనుకుని వచ్చి, ఉన్నదంతా అన్నగారి చెరువు పక్కనే ఒక చెరువు తవ్వి అందులో పోసేడు. రెండిటికీ మధ్య ఒకటే గట్టు. అంజిబాబు ఐటీఐ సగంలో ఆపేసి తండ్రితో ఆ గట్టు మీదే ఉంటున్నాడు. దుర్గ ఆట జట్టులో వాడొకడు. దుర్గ ఏం రాసినా మొట్టమొదటి లైకు వాడిదే. కింద 'సూపర్ అన్నయ్యా' అని కూడా పెట్టేవాడు. తన రాత అర్థమైనవాడు లోకంలో ఒకడున్నాడని దుర్గ మురిసిపోయేవాడు.

ఒక పొద్దున్న సూరిబాబు మేత చూసే పళ్ళెం ఎత్తితే, వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యలు గట్టు వారకొచ్చి మత్తుగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి, తలమీద పెంకు గోటితో లేపి, ఎండకి ఎత్తి చూసేడు. ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు. పక్కనే ఉన్న దుర్గకి చూపించలేదు. చూపించక్కర్లేకపోయింది.

తెల్లమచ్చ వస్తే ఏం చెయ్యాలో ఆ చెరువుల మీద చిన్నపిల్లాడికీ తెలుసు. బతికున్నదాన్ని బతికుండగానే పట్టేసి, నీళ్ళలో బ్లీచింగు కొట్టి, జబ్బు చచ్చేదాకా ఆ నీళ్ళు కదలనివ్వకూడదు. జనం చేసేది వేరు. గప్‌చిప్‌గా రొయ్యలు పట్టుబడి చేసేసి, తూము తీసి, నీళ్ళు డ్రైన్లోకి వదిలేస్తారు. వచ్చిందని ఎవరికీ చెప్పరు. చెప్తే కొనేవాడు వెనక్కెళ్ళిపోతాడని ఒక భయం. చెప్తే నలుగురి నోళ్ళలో నానిన చెరువు మరి లేవదని ఇంకో భయం. ఆ డ్రైను నీళ్ళనే సముద్రం పోటు మీద పక్కవాడు మోటారు వేసి తన చెరువులోకి తోడుకుంటాడు.

మర్నాడు పొద్దున్న పోటుకి సత్తియ్య నీళ్ళు పెట్టుకుంటానన్నాడు. ఆ మాట గట్టు మీద టీ తాగుతూ అందరి ముందూ అన్నదే. దుర్గ తండ్రికి అదే గుర్తు చేసేడు. బ్లీచింగు కొట్టి కొన్నాళ్ళు ఆపుదాం నాన్నా, బాబాయి చెరువు పోతే వాళ్ళకింకేం లేదు అన్నాడు. అన్నన్ని మాటలు తండ్రితో వాడు ఎప్పుడూ అనలేదు.

సూరిబాబు రొయ్యని నీళ్ళలోకి విసిరేసేడు. "మనకెవడు చెప్పి వదిలేడ్రా? పై చెరువువాడు చెప్పేడా? కాకి తెచ్చిందో పీత తెచ్చిందో, రేపు వాడికొస్తే వాడూ అలాగే అనుకుంటాడు." కొంచెం దూరం వెళ్ళి మళ్ళీ తిరిగేడు. "ఈ మాట నీ నోట్లోంచి వచ్చిందా, నేను నీకు తండ్రిని కాను. పో, బస్సుకి టైమైంది. ఫోన్లో నీకున్నదేదో కాల్చుకో."

దుర్గ బస్సెక్కేడు. అమలాపురం వెళ్ళేలోగా ఒక ఆట పడుతుంది. అంజిబాబూ వచ్చేడు, ఇంకో ఇద్దరూ వచ్చేరు. ఆటలో అంజిబాబు గోడ పక్కన కూర్చుని మందు కట్టుకుంటుంటే వాడి వెనక ఒకడు నక్కి వస్తున్నాడు. దుర్గ చూసేడు. "అంజీ, వెనకాల, కదలకు" అని గట్టిగా అరిచేడు. బస్సులో అందరూ తిరిగి చూసేరు. అంజిబాబు బతికేడు. నువ్వు లేకపోతే పోయేవాణ్ణి అన్నయ్యా అన్నాడు. అదే నోటితో ఇంకో నాలుగు మాటలు చెప్పెయ్యచ్చు. నోటిదాకా వచ్చేయి కూడాను. జట్టులో ఆ ఇద్దరు వింటున్నారనుకున్నాడు. తండ్రి అన్న మాట అనుకున్నాడు. ఈలోగా బస్టాండు వచ్చేసింది.

చెప్పలేదు గాని ఊరుకోలేకపోయేడు. క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని రాయడం మొదలెట్టేడు.

'మా ఆటలో ఒక కట్టుబాటుంది. శత్రువుని ముందు చూసినవాడు అరవాలి. తను చచ్చినా పరవాలేదు, అరిచి చావాలి. చూసి కూడా అరవనివాడు మన జట్టులోవాడు కాడు. మా చెరువుల మీద ఈ కట్టుబాటు లేదు. తెల్లమచ్చ కనపడితే తూము తీస్తారు గాని నోరు తెరవరు. రేపు పోటుకి పక్కవాడు మోటారు వేస్తాడని తెలిసి కూడా తెరవరు.'

పేరు లేదు, ఊరు లేదు. తండ్రి మాట దాటినట్టూ కాదు, అంజిబాబుకి చెప్పనట్టూ కాదు. 'తూము తీస్తారు గాని నోరు తెరవరు' అన్నది నాలుగు రకాలుగా తిప్పి తిప్పి రాసేడు. చివరికి కుదిరింది. కుదిరినందుకు వాడికి, ఇంత కష్టంలోనూ, కొంచెం సంతోషం కూడా వేసింది. పేజీలో పెట్టేడు. ఫోను జేబులో పెట్టుకోకముందే అంజిబాబు లైకు వచ్చింది. 'సూపర్ అన్నయ్యా.' దుర్గ గుండె మీద బరువు దిగిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పట్టుబడి అయిపోయింది. అడిగినవాళ్ళకి సూరిబాబు చలికి భయపడి ముందే పట్టేసేనన్నాడు. తూములోంచి నీళ్ళు డ్రైన్లోకి పోతున్నాయి.

మర్నాడు దుర్గ పళ్ళు తోముకుంటుంటే సత్తియ్య మోటారు చప్పుడు వినపడింది. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. ఆ గట్టుకి పరిగెడితే ఎంతసేపు, చొక్కా వేసుకునేంతసేపు. వాడు ఫోను తీసేడు. రాసింది చదివేవా అని అంజిబాబుకి మెసేజి పెట్టేడు. చదివేను అన్నయ్యా, కేక, అని వెంటనే జవాబొచ్చింది. చదివి కూడా వేస్తున్నారంటే ఏదో ఆలోచించే వేస్తున్నారు కాబోలు, మందేదో కొట్టే ఉంటారు అనుకున్నాడు. అనుకోవడానికి అది చాలా బాగుంది. వెళ్ళి కాఫీ తాగేడు.

వారం తిరక్కుండా సత్తియ్య చెరువు మీద కాకులు మూగేయి. దుర్గ కాలేజీ నించి వస్తూ బస్సులోంచే చూసేడు. దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా, పుస్తకాల సంచితోనే గట్టెక్కేడు.

సత్తియ్య మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాడు. అంజిబాబూ ఇంకో ముగ్గురు మనుషులూ వల లాగుతున్నారు. సత్తియ్య పెళ్ళాం రాజ్యం గట్టు మీద చచ్చినవీ బతికినవీ వేరు చేస్తోంది. దుర్గ వెళితే ఆవిడెప్పుడూ ఏం తిన్నావురా అనేది. ఇప్పుడు తలెత్తలేదు. సంచి కింద పెట్టి వల పట్టుకోబోతే సత్తియ్య ఒడ్డుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టేడు.

"ఎందుకండీ మీకు శ్రమ. బట్టలు పాడైపోతాయి."

దుర్గ పుట్టినప్పటినించీ ఒరే దుర్గా అని తప్ప పిలవని మనిషి. బురద కాళ్ళతో అక్కడే నిలబడి, తిట్టు లేదు, కేక లేదు, పెళ్ళివారితో మాటాడినట్టు మాటాడేడు. తన బావమరిది నిన్న సాయంత్రం కువైట్ నించి ఫోన్ చేసేట్ట. అక్కడ గదిలో ఖాళీగా కూర్చుని ఫోను చూసుకుంటుంటే దుర్గ రాసింది కనపడిందిట. మన ఊరి చెరువులు జాగ్రత్త బావా, ఎవడో తూము తీసేట్ట అని చెప్పడానికి చేసేట్ట. చదివి వినిపించేడు కూడానుట.

"చాలా బాగా రాసేరండి దుర్గారావు గారూ. సముద్రం అవతలకి కూడా తెలిసింది. మాకు చదువు తక్కువ. ఈ గట్టు దాటి వచ్చి ఒక్క మాట నోటితో చెప్పుంటే మాకూ తెలిసేది."

దుర్గ అంజిబాబు వైపు చూసేడు. చదివేనన్నావు కదరా అన్నాడు.

అంజిబాబు వల వదల్లేదు. ఏడుస్తున్నాడు, కోపంగా ఏడుస్తున్నాడు. "నీవి నేనెప్పుడూ చదవలేదన్నయ్యా. ఒక్కటి కూడా చదవలేదు. పొడుగ్గా ఉంటాయి. నువ్వు బాధపడతావని పెట్టేవాణ్ణి."

ఆ సీమలో ఎవరింటికైనా వెళితే ముద్ద నోట్లో పెట్టుకోకముందే బాగుందండీ అంటారు. అంజిబాబు చేసిందీ అదే. దాంట్లో తప్పు పట్టడానికి దుర్గకి ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండుననిపించింది. బస్సులో కూర్చుని వెనకాల, కదలకు అని అరిచిన తను, దీనికి మాత్రం అక్షరాలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చేక సూరిబాబు అన్నం తింటూ, సత్తిగాడి చెరువు మీద కాకులట కదా అన్నాడు. కాకులే తెస్తాయి దరిద్రం అన్నాడు మళ్ళీ. దుర్గ వాళ్ళమ్మ మజ్జిగ గిన్నె చప్పుడయ్యేలా పెట్టింది. దుర్గ లేచి పెరట్లోకి వెళ్ళేడు. అక్కణ్ణించి సత్తియ్య చెరువు తూము కనపడుతుంది. పలకలు తీసేసి ఉన్నాయి. నీళ్ళు డ్రైన్లోకి పోతున్నాయి. బ్లీచింగు కొట్టిన వాసన లేదు. ఇన్ని మాటలన్న సత్తియ్య కూడా కింద చెరువువాడికి ఒక్క మాట చెప్పలేదు.

దుర్గ ఫోను తీసి ఏదో రాయబోయేడు. రెండు మాటలు రాసి చెరిపేసేడు.

మర్నాడు పొద్దున్న పోటుకి ముందే లేచి, మొహం కూడా కడుక్కోకుండా, డ్రైను గట్టు వెంబడి కిందకి నడిచేడు. ఆ పక్కది సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి చెరువు. మోటారు పైపు డ్రైన్లోకి దింపుతున్నారు. ఆయన గొడుగు కర్రతో మనిషికి ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. దుర్గ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నీళ్ళు పెట్టకండి. మా చెరువుకి తెల్లమచ్చండి. మా నాన్న తూము తీసేడండి. సత్తియ్య బాబాయిదీ పోయిందండి, ఆయనా తీసేడు."

ఆయన గొడుగు కర్ర దింపేడు. మీ నాన్నగారు చెప్పమన్నారా అని అడిగేడు. లేదండి అన్నాడు దుర్గ. ఆయన ఆయ్ అని మాత్రం అని, మనిషికి సైగ చేసి పైపు పైకి తీయించేడు. కూర్చోమనలేదు, టీ అనలేదు. తండ్రి గుట్టు బయటపెట్టిన కొడుకుని చూసినట్టు చూసి, మొహం తిప్పుకున్నాడు.

దుర్గ చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో, ఆ కింద చెరువుకి నడిచేడు.