మాస్టారు కాల్చి చూసిన అద్దం

మా పర్చూరు వైపు ఏ వస్తువునీ ఊరికే కొనరు. పత్తి అయితే చిటికెడు దూది తీసి, వేళ్ళ మధ్య సాగదీసి పింజ చూస్తారు. మిరపకాయ అయితే విరిచి, వాసన చూసి, గింజ నాలిక మీద వేసుకుని గానీ బేరం మొదలుపెట్టరు. దూది ఏకి బతికిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇదంతా నాకు తెలియక కాదు. కానీ మంటను ఆపే అద్దాన్ని కూడా కాల్చి చూసి తీసుకునే మహానుభావుడు ఒకడుంటాడని, ఆయన నాకు హైస్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారే అవుతారని మాత్రం కల్లో కూడా అనుకోలేదు.

నా పేరు ఖాజావలి. బస్టాండు దగ్గర అద్దాల షాపు నాది. ఫొటోలకు ఫ్రేములు కట్టడంతో మొదలుపెట్టి, ఇప్పుడు చీరాల నుంచి చిలకలూరిపేట దాకా బిల్డింగులకు అద్దాలు బిగిస్తున్నాను. జానకిరామయ్య మాస్టారు పదిహేనేళ్ళ కిందటే ఉద్యోగం వదిలేసి మిర్చి ఎగుమతిలోకి దిగారు. ఊరి బయట రెండంతస్తుల బిల్డింగు కట్టారు. పై హాల్లో ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని కాయలకు తొడిమలు తీస్తారు. వాళ్ళందరికీ మేస్త్రి మా అక్క సైదాబీ. నా భార్య రహమతున్నీసా కూడా వాళ్ళలో ఒకతె.

ఆ హాలు నుంచి కిందికి దిగడానికి ఉన్నవి ఒకటే మెట్లు. మెట్ల దాకా వెళ్ళాలంటే ప్యాకింగ్ గది ముందున్న వసారాలోంచి నడవాలి. ఆ గది నిండా కాయలు ఆరబెట్టే హీటర్లు, గోనె సంచులు, అట్టపెట్టెలు. ఇంట్లో పోపులో నాలుగు ఎండుమిరపకాయలు మాడితేనే వీధి వీధంతా దగ్గుతుంది. అక్కడ ఉన్నవి బస్తాలకు బస్తాలు. అందుకే ఆ గదికి ఇటుక గోడ కట్టేయండి మాస్టారూ అని మొదటిరోజే చెప్పాను. ఆయన వినలేదు. విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదారులు వసారాలో నిలబడి ప్యాకింగ్ చూడాలట. అందుకని అద్దమే ఉండాలట. అద్దమే పెట్టేటట్టయితే అది ఫైర్ గ్లాసే అయి ఉండాలని ఆ కొనుగోలుదారులే షరతు పెట్టారు.

ఫైర్ గ్లాసు అంటే మందంగా ఉండే మామూలు అద్దం కాదు. పలక మీద పలక పేర్చి, మధ్యలో కంటికి కనబడని ఒక రసాయనం పొర పోస్తారు. వేడి తగలగానే ఆ పొర పొంగి తెల్లగా నురగ కడుతుంది. అదే మంటను, వేడిని అవతలికి పోకుండా గంటసేపు ఆపుతుంది. ఆ గంటలో మనుషులు మెట్లు దిగిపోవాలి, అదీ దాని పని. కొయ్యకూడదు, చిల్లు పెట్టకూడదు, కొలత తప్పితే పారెయ్యాల్సిందే. పైగా ఇప్పుడు లోకమంతా దీనికోసమే ఎగబడుతోంది. దుబాయి టవర్లకు అదే, లండన్ ఆస్పత్రులకు అదే, మన మెట్రో స్టేషన్లకూ అదే. ఆ వరసలో పర్చూరు ఖాజావలి అడిగిన మూడు పలకలు ఎక్కడుంటాయి? చెన్నై డీలరుకు ఫోన్ చేసినప్పుడల్లా, మీకంటే ముందు ఒక ఎయిర్‌పోర్టు ఉందండీ అనేవాడు. రెండున్నర నెలలకు వచ్చాయి. వసారా వైపు గోడకు రెండు, హాలు మొదట్లోనే ఉన్న ఆ గది తలుపుకు ఒకటి బిగించి, మాస్టారి ఫైలులో సంతకం పెట్టి ఇంటికొచ్చాను.

సరిగ్గా నాలుగోరోజు ఫోన్. నీ అద్దం పాడైపోయిందిరా ఖాజా, వారంటీ ఉందిగా అన్నారు.

వెళ్ళి చూద్దును కదా, తలుపు అద్దం పొంగిన పాలలాగా తెల్లబడి ఉంది. అటువైపు పలక పగుళ్ళు. జరిగిందేమిటంటే, గుంటూరు నుంచి ముగ్గురు కమీషన్ వ్యాపారులు వచ్చారు. మాస్టారు వాళ్ళకు ఈ అద్దం గొప్పతనం చెప్పారు. వాళ్ళు నమ్మలేదు. ఏసీ రిపేరుకు వచ్చినతని దగ్గర గ్యాస్ టార్చి ఉంటే తీసుకుని, ఈయన అటునుంచి అద్దం మీద మంట పెట్టించారు. ఇటునుంచి అరచెయ్యి ఆనించి, చూడండి ఎంత చల్లగా ఉందో అని వాళ్ళకు చూపించారు. వాళ్ళు చప్పట్లు కూడా కొట్టారట.

"బ్రహ్మాండంగా పనిచేసిందిరా," అన్నారు నాతో. "కానీ మళ్ళీ మామూలుగా అవడంలేదు. చల్లారితే అవుతుందేమోనని రాత్రంతా టేబుల్ ఫ్యాన్ పెట్టాం."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అగ్గిపుల్ల వెలుగుతుందో లేదో గీసి చూసుకుని, బాగానే వెలిగింది కదా అని మళ్ళీ పెట్టెలో దాచుకునేవాణ్ణి ఏమంటాం? ఆయన మాస్టారు కాబట్టి ఏమీ అనలేదు. ఇది ఒక్కసారికే పనికొస్తుందండీ, ఆ ఒక్కసారీ అయిపోయింది అని మాత్రం చెప్పాను. అప్పుడు గానీ ఆయన ముఖం మారలేదు. కొనుగోలుదారుల తరఫున బిల్డింగు తనిఖీకి మనిషి వచ్చేది ఆ తర్వాతి వారమే.

కొత్త పలకకు చెన్నైకి ఫోన్ చేస్తే మళ్ళీ రెండు నెలలన్నారు. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, అయితే ఈలోగా మామూలు టఫెన్డ్ గ్లాసు బిగించు, ఫైర్ గ్లాసు మూలన ఉంటుందే చిన్న ముద్ర, అలాంటిదే దీనిమీద చెక్కించు అన్నారు. నేను చెయ్యనన్నాను. బతిమాలారు, కోప్పడ్డారు, ఆవర్తన పట్టిక నీకు నేర్పింది ఎవర్రా అని కూడా అడిగారు. అయినా చెయ్యనన్నాను. అంతవరకు నేను మగాణ్ణే.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వచ్చింది. తనిఖీ పోతే ఆర్డర్ పోతుందని, సీజనంతా పని ఉండదని ఆడవాళ్ళు గోల పెడుతున్నారట. కొత్తది వచ్చేదాకా మామూలు అద్దం ఉంటే వచ్చే నష్టం ఏంటి అని అడిగింది. మంట తగిలితే అది నాలుగైదు నిమిషాల్లో పేలి రాలిపోతుందని, ముప్ఫైమంది వసారా దాటి మెట్లు దిగేలోపు మంటా ఘాటూ వాళ్ళ మీదే ఉంటాయని చెప్పాను. అక్క టీ గ్లాసు అలాగే పెట్టి వెళ్ళిపోయింది.

నేను చెయ్యకపోతే ఏమైంది? ఒంగోలు నుంచి ఎవడినో తీసుకొచ్చారు. ఒక్క పూటలో మామూలు అద్దం బిగించి, మూలన ముద్ర కూడా అచ్చుగుద్దినట్టు చెక్కి వెళ్ళాడు. మూడు పలకలూ బిగించినట్టు నా సంతకం ఉన్న కాగితం ఎలాగూ ఫైలులో ఉండనే ఉంది. ఆ సంగతి తెలిసిన మర్నాటి నుంచి నేను రహమతున్నీసాను పనికి పంపలేదు. జ్వరమని చెప్పమన్నాను. ఆమె అస్సలు ఒప్పుకోలేదు, రోజంతా సణిగింది, నా మాట కాదనలేక ఉండిపోయింది.

రెండోరోజు అక్క జ్వరం చూడటానికి బత్తాయిలు తీసుకుని వచ్చింది. వచ్చేసరికి మా ఆవిడ చీర ఎగ్గట్టి దుప్పట్లు ఉతుకుతోంది. అక్క ఆమెను చూసింది, నన్ను చూసింది. బత్తాయిల సంచి గట్టు మీద పెట్టింది.

"నువ్వు కూడా మానెయ్యక్కా," అన్నాను గొంతు తగ్గించి.

"నేను మానేస్తే మిగతావాళ్ళకి ఏం చెప్పమంటావురా? అందరికీ జ్వరం అని చెప్పనా?"

 పోనీ వాళ్ళందరికీ ఉన్నమాట చెప్పేయమందామంటే, చెబితే పని పోతుంది, నా సంతకం బయటపడుతుంది. రోజూ పొద్దున్నే అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని మా షాపు ముందునుంచే నడిచి వెళ్ళేది. నేను ఏదో కొలతలు రాసుకుంటున్నట్టు తల వంచుకునేవాణ్ణి. నా మీద నాకే ఒళ్ళు మండేది.

తనిఖీ రోజున మాస్టారు నన్నూ రమ్మన్నారు. కాగితం మీద పేరు నీది కాబట్టి ఊరికే పక్కన నిలబడు చాలు అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే బయల్దేరాను. దారిపొడవునా ఏ మాట తర్వాత ఏ మాట అనాలో వల్లె వేసుకున్నాను. హైదరాబాదు నుంచి వచ్చిన ఆవిడ పేరు మహతి. చిన్న వయసే, కానీ ప్రతి మూలా చూసింది. తలుపు దగ్గర వంగి ముద్ర చూసి, ఫైలులో సంతకం చూసి, నావైపు తిరిగింది.

"ఇవి బిగించింది మీరేనా అండీ?"

పక్కనే మాస్టారు. ఎనిమిదో తరగతిలో నాకు ఫీజు కట్టిన మనిషి. నుదుటి మీద చెమట తుడుచుకుంటున్నారు.

"మూడు పలకలు నేనే బిగించానండి," అన్నాను.

అబద్ధం కాదు. అంతకంటే దరిద్రమైన మాట నా జన్మలో ఇంకోటి అనలేదు. ఆవిడ తలూపి కాగితం మీద టిక్కు పెట్టుకుని హాల్లోకి నడిచింది.

హాల్లో ఆడవాళ్ళను అడిగింది, మీకేమైనా ఇబ్బందులున్నాయా అమ్మా అని. అలా అడిగితే ఎవరు చెబుతారు? అందరూ తలలు వంచుకుని తొడిమలు తీస్తున్నారు. అప్పుడు అక్క ఒళ్ళో కాయలు పక్కన పోసి లేచింది.

"ఆ తలుపు అద్దం ఒకసారి కాల్చి చూడండమ్మా."

మహతికి అర్థం కాలేదు. ఎందుకు అని అడిగింది.

"మా మాస్టారి దగ్గర నేను కూడా ఎనిమిదిదాకా చదివానమ్మా. ఎవరో చెప్పారని నమ్మొద్దు, చేసి చూడండి అనేవారు. ముందున్న అద్దాన్ని అట్లాగే చూశారు. ఇది వచ్చినప్పటినుంచి మాత్రం ఎవర్నీ చెయ్యి కూడా వెయ్యనివ్వటంలేదు."

హాలంతా చేతులు ఆగిపోయాయి. నేను గోడకు ఆనుకున్నాను. మహతి మాస్టారి వైపు తిరిగి, ముందున్న అద్దం అంటే ఏమిటండీ అని అడిగింది. ఆయన పక్కనున్న కాయల బస్తా మీద కూర్చున్నారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు, మళ్ళీ పెట్టుకోలేదు.

"కాల్చొద్దమ్మా," అన్నారు. "అది మామూలు అద్దం."

కొత్త అద్దం వచ్చేదాకా పై హాలు మూసేయాలని మహతి రాసింది. ఆ ఆర్డర్లో సగం వేరేవాళ్ళకు పోయింది. కింద రేకుల షెడ్డులో, ఎండలో, పదహారు మందికి మాత్రమే పని దొరికింది. వంతులవారీగా ఒకరోజు వీళ్ళు, ఒకరోజు వాళ్ళు. దానికి ఆడవాళ్ళు తిట్టింది మాస్టారిని కాదు, మా అక్కని. నీ నోరు ఊరుకోదా అని ముఖం మీదే అన్నారు. అక్క ఒక్కమాట తిరిగి అనలేదు. నాతో అయితే అసలు మాట్లాడటమే మానేసింది. రెండు నెలలన్న పలక మూడు నెలలకు వచ్చింది, మధ్యలో ఇంకో ఎయిర్‌పోర్టు అడ్డం వచ్చిందట. ఆ చెన్నై డీలరు ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

పలక వచ్చిన రోజే బిగించాను. పనిముట్లు సర్దుకుంటుంటే వెనక అక్క నిలబడి ఉంది. మూలనున్న ముద్రను వేలితో తడిమింది. అలాంటి ముద్ర చెక్కడం ఎంత తేలికో ఆమెకు తెలుసు.

"ఇది మంచిదేనా?"

"మంచిదే అక్కా."

"ఎట్లా తెలుస్తుంది?"

"కాలిస్తే తెలుస్తుంది. కాలిస్తే ఇక పనికిరాదు."

"అంటే నీ మాటే."

"నా మాటే."

"నువ్వు ఆరోజు కూడా ఇక్కడే నిలబడ్డావు," అంది. కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నేను స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటూ ఉండిపోయాను.

వెళ్ళబోతూ ఆగింది. "రహమతుకి జ్వరం తగ్గిందా?"

మూడు నెలల కిందటి జ్వరం.  తగ్గిందన్నాను.

"అయితే రేపు పొద్దున్న పంపు. ఈ తలుపు పక్కన చోటు నాది. దానికిస్తాను."

మర్నాడు ఎనిమిదింటికి నేనే బండి మీద తీసుకెళ్ళాను. దారంతా మా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది, మూడు నెలల పని పోగొట్టావని. హాలు మొదట్లో అక్క కాస్త జరిగి, తలుపు పక్కన గోనె పట్టా పరిచింది. రహమతున్నీసా అద్దానికి వీపు పెట్టి కూర్చుని కాయలు ముందుకు లాక్కుంది.

నేను సగం మెట్లు దిగి ఆగాను. మళ్ళీ పైకి వెళ్ళాను. తలుపు ఫ్రేము నాలుగు అంచులూ వేలితో నొక్కుకుంటూ చూశాను, ప్రతి స్క్రూ ఇంకోసారి బిగించాను, సంతకం పెట్టిన కాగితం తెప్పించి పలక నంబరు, ముద్రలో నంబరు ఒకటేనో కాదో అక్షరం అక్షరం చదువుకున్నాను. నిన్న ఇదంతా ఒకసారే చూసి సంతకం పెట్టేశాను.

తలెత్తేసరికి అక్క నన్నే చూస్తోంది. చూసి, తల వంచుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది.