నూబియాకు నచ్చనివి

మా ఆవిడ నూబియా అరవయ్యో ఏట బ్లాగు పెట్టింది. పెట్టేముందు నన్ను అడగలేదు, పెట్టాక మాత్రం చూడమంది. పైన పెద్ద అక్షరాలతో ‘నాకు నచ్చినవి, నచ్చనివి’ అని ఉంది.

“ఇప్పుడిదెందుకే?” అన్నాను.

“ఇన్నేళ్లూ ఎవరింటికెళ్లినా, ఏం పెట్టినా, ‘ఆహా, ఎంత బాగుందో’ అంటూనే బతికాను. ఇంక నా వల్ల కాదు అల్దెమార్. ఒక్కచోటైనా నిజం చెప్పుకోనీ.”

మా బూగా ఊళ్లో మర్యాద అంటే అదే మరి. వడ్డించినావిడ ఎదురుగా నిలబడి ఉండగా, రాయి పెట్టినా నమిలి బాగుందనాల్సిందే.

మొదట్లో సరదాగానే సాగింది. అన్నంలో ఎండుద్రాక్ష నచ్చదని రాసింది. వాన పడుతుంటే వేడి చాక్లెట్‌లో జున్నుముక్క వేసుకోవడం నచ్చుతుందని రాసింది. నా మీసం నచ్చదని కూడా రాసింది. ఆ సంగతి నాకు కూరగాయల కొట్టువాడు చెప్పాడు. గీసేసుకున్నాను, ఇంకేం చేస్తాను!

తర్వాత మంజార్ మీద రాసింది.

మంజార్ అంటే మాకు ప్రాణం. పాలు, పంచదార, నానబెట్టి రుబ్బిన బియ్యం, చిటికెడు వంటసోడా రాగి కళాయిలో పోసి, కట్టెల పొయ్యి మీద చెయ్యి ఆపకుండా కలిపితే దగ్గరపడుతుంది. దాన్ని ఎండిన కాయ బుర్రల్లో నింపి, గుడికి వచ్చే యాత్రికులకు అమ్ముతారు. మా అక్క ఎతెల్వినా బతుకంతా ఆ కళాయి దగ్గరే గడిచింది. నూబియా మా అక్క పేరు రాయలేదు. ‘గుడి వెనక వీధిలో అమ్మే మంజార్ అడుగంటిన కంపు కొడుతోంది, తెలిసే అమ్ముతున్నారో ఏమో’ అని రాసిందంతే. గుడి వెనక వీధిలో మంజార్ అమ్మేది మా అక్క ఒక్కతే.

చదవగానే దాని దగ్గరికి పరిగెత్తాను. “తీసెయ్యవే, నీకు దణ్ణం పెడతా” అన్నాను.

“అబద్ధం రాశానా?”

అబద్ధం కాదు. రెండేళ్లుగా నేనూ ఆ కంపే తింటున్నాను.

చివరికి తీసేసింది. అప్పటికే ఊళ్లో ప్రతి ఫోన్‌లోనూ దాని ఫొటో తిరుగుతోంది. వారం తిరిగేసరికి యాత్రికులు అక్క కొట్టు దాటుకుని అవతలి వీధికి పోవడం మొదలుపెట్టారు. అటు వెళ్లి చూడడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

ఆదివారం అక్కే వచ్చింది, చేతిలో గిన్నెతో. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గిన కాణ్ణించీ నాకు వాసన తెలీట్లేదు. రుచీ లేదు. మట్టి పెట్టినా ఒకటే, మిఠాయి పెట్టినా ఒకటే” అంది కుర్చీలో కూర్చుంటూ.

“మాకు చెప్పలేదేం వదినా?” అంది నూబియా.

“చెబితే ఎవరు కొంటారే? అందుకే పొయ్యి దించగానే మొదటి బుర్ర మీకు పంపేదాన్ని. మీరు బాగుందంటే కొట్లో పెట్టేదాన్ని. మీ నోళ్లే నా నోరనుకున్నా.”

రెండేళ్లుగా ప్రతి బుర్రకీ బాగుందనే చెప్పి పంపాం.

అక్క గిన్నె మీద మూత తీసింది. తీయకముందే మాడు వాసన కొట్టింది. “పొద్దున చేశా. తిని చెప్పండి” అంటూ ఇద్దరికీ చెరో చెంచా అందించింది.

నూబియా నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “బాగుంది వదినా” అంది. ఎంతైనా బూగా పిల్ల, ఎదురుగా మనిషిని పెట్టుకుని ఇంకో మాట అనడం రాదు.

“సరే, నోటితో రాకపోతే ఆ బ్లాగులోనే రాయి. నేనిక్కడే కూర్చుంటా” అంది అక్క.

నూబియా ఫోన్ తీసింది. రాసి, చెరిపి, మళ్లీ రాసింది. అక్క తన ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, చదువురాని పిల్లలా కూడబలుక్కుంటూ పైకి చదివింది: “ఇవాళ్టిది కూడా మాడింది. అడుగు గీకి కలిపేసినట్టున్నారు. సోడా కూడా ఎక్కువైంది.”

ఆమె కోప్పడలేదు. తల మాత్రం ఊపింది. తర్వాత నా వైపు తిరిగింది.

“ఒరేయ్ అల్దెమార్, నిజమేనట్రా?”

చెంచా నా నోట్లోనే ఉంది. నిజమే అక్కా అనడానికి ఎంత సేపు? “నాకలా ఏమీ అనిపించలేదక్కా. బాగానే ఉంది” అన్నాను.

అక్క నా చేతిలోంచి చెంచా తీసుకుంది, గిన్నె మీద మూత పెట్టింది.

“రేపు మళ్లీ పొయ్యి మీద పెడతాను. నూబియాని పంపు” అంది. “నువ్వు రాకు.”