బొటనవేలు చూపిన వైపు

ఎముకల ఆస్పత్రి పై అంతస్తులో కూర్చుని డాక్టర్ల రాతను అంకెల్లోకి మార్చే అమ్మాయిని అందరూ కోడలమ్మ అనేవారు. పెళ్లయి కాదు, చేసేది మెడికల్ కోడింగు, అందుకని. ఆమె బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి బనియన్ కేసులు. కాలి బొటనవేలు పక్కవేళ్ల మీదికి ఒరిగిపోయి, దాని మొదట్లో ఎముక బొడిపెలా పొడుచుకొస్తుందే, అది. కూతురు పొద్దస్తమానం చొక్కా కింద తొడుక్కునే బనియన్ల లెక్క రాస్తుందని వాళ్లమ్మ చాలాకాలం అనుకుంది.

కుడికాలా ఎడమకాలా, ఎంత ఒరిగింది, నొప్పి ఉందా, వెడల్పు బూట్లు వాడి చూశారా, ఇవన్నీ డాక్టరు రాయాలి. ఒక్కటి తప్పినా ఇన్సూరెన్సువాళ్లు ఫైలు తిప్పికొడతారు. చివర్లో డాక్టరు ఇంకో మాట కూడా రాసేవాడు, వేలు ఎటు చూస్తోందని. ఏళ్ల తరబడి ఒరిగిన వేలు, ఎటు కూర్చోబెట్టినా సరే, మనసు ఎవరి మీదుంటే ఆ మనిషి ఉన్న వైపే తిరుగుతుంది. అది అందరికీ తెలిసిందే. దానికి కోడు లేదు కాబట్టి కోడలమ్మ ఆ వాక్యం పట్టించుకునేది కాదు.

ఒకరోజు రిటైరైన ట్రాఫిక్ పోలీసమ్మ ఫైలు వచ్చింది. కుడికాలు, మర్నాడు ఆపరేషన్. కానీ మొదటిసారి చూసినప్పుడు వేలు ఉత్తరానికి ఉందని, రెండోసారి దక్షిణానికని రాసి ఉంది. కోడు లేని మాటే అయినా, ఒకే ఫైల్లో రెండు రకాలుగా ఉంటే ఇన్సూరెన్సువాళ్లు తిప్పికొడతారని, అది తన తల మీదికొస్తుందని కోడలమ్మ డాక్టరుకి ఫోన్ చేసింది. తాను చూసిందే రాశాననీ, అనుమానముంటే వెళ్లి ఆవిడనే అడగమనీ అన్నాడాయన.

కింది వార్డులో రోడ్డు వైపు కిటికీ పక్కన పోలీసమ్మ కాలు చాపుకుని ఉంది. సంగతి విని దుప్పటి తొలగించి వేలు చూసుకుంది. తర్వాత చెప్పింది. ఆమె తమ్ముడు లారీ డ్రైవరు. ఓసారి తాగి నడుపుతూ ఆమె డ్యూటీలో ఉన్న కూడలిలోనే దొరికాడు. తమ్ముడైనా రూలు రూలేనని లైసెన్సు లాగేసుకుంది. లైసెన్సు తర్వాత తిరిగొచ్చింది గానీ, అతను మళ్లీ ఆమె గడప తొక్కలేదు.

"వాడెక్కడున్నాడో ఇదొక్కటే చెబుతుంది. రేపు దీన్ని నిటారుగా చేసేస్తారు," అంది వేలు చూపిస్తూ.

"ఆపమని చెప్పనా అమ్మా?"

"అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాను తల్లీ."

అప్పుడే వేలు కదిలింది. గడియారం ముల్లులా మెల్లగా మొదలై, వడివడిగా కిటికీ వైపు తిరగసాగింది. కోడలమ్మ మంచం మీదికి వంగి చూసింది. తాను అంకెలేసి పంపేసిన కాళ్లన్నీ ఇలాగే ఎవరినో వెతుక్కున్నాయన్నమాట. దూరాన ఉన్నవాడి కోసం వేలు ఇంత వేగంగా తిరగదు. అతను ఈ రోడ్డు మీదే వస్తున్నాడు.

పోలీసమ్మ లేచింది. కోడలమ్మ భుజం పట్టుకుని గేటు దాటి, ఉత్త కాళ్లతో రోడ్డు మధ్యన నిలబడి చెయ్యెత్తింది. బస్సులు ఆగాయి. స్కూటర్లు ఆగాయి. సిమెంటు బస్తాల లారీ ఒకటి కీచుమంటూ ఆమె ముందుకొచ్చి ఆగింది.

నెరిసిన మీసాల డ్రైవరు దిగాడు. ఆమె ముఖం చూడలేక తల దించాడు. వాచి ఎర్రబడ్డ కాలు కనిపించింది, వేలు తనవైపే తిరిగి ఉంది.

"ఎండలో చెప్పుల్లేకుండా ఏంటక్కా?"

"ముందు బండి పక్కకి తియ్యరా. ట్రాఫిక్ ఆగిపోయింది."

లారీ పక్కకి పెట్టొచ్చి, అక్క చేతిని తన మెడ చుట్టూ వేసుకున్నాడు. వాళ్లు గేటు దాటేదాకా వెనకాల ఒక్క బండీ హారన్ కొట్టలేదు.

మర్నాడు ఆపరేషన్ అయి పోలీసమ్మ కళ్లు తెరిచేసరికి, కట్టు కింద వేలు నిటారుగా ఉంది. తమ్ముడు మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు.