రైలు పట్టాల అవతలి కుక్కలు

ఇంకొక్క గుండుసూది గుచ్చితే అయిపోతుంది, నూట నలభై మూడోది, ఎర్ర తలది, పాలకేంద్రం వెనక సందులోని మూడుకాళ్ల కుక్కకి, ఉన్న కష్టం చాలనట్టు దానికి గుండెలో పురుగులు కూడానా, దోమకాటుతో లోపలికి చేరి దారాల్లా పెరిగి ఊపిరాడనివ్వని పురుగులు, అయినా ఇప్పుడు జాలిపడే తీరికేదీ, ఆమె రెండడుగులు వెనక్కి వేసి ల్యాబు గోడమీది ఊరి పటాన్ని చూసుకుంది, అబ్బ, ఎంత బాగా వచ్చింది, రైలు పట్టాలకి పడమటంతా తట్టు పోసినట్టు ఎరుపు, తూర్పంతా కడిగి బోర్లించిన పళ్లెంలా తెలుపు, ఏడాదిగా కుక్కల నెత్తురు చుక్కలు చూసిచూసి కళ్లు పీక్కుపోయింది దీనికోసమేగా, పడమట మురుగుగుంటలు, తూర్పున మెరక, నీరు నిలవదు, దోమ చేరదు అని మూడు పేజీలు రాసి కుట్టేసింది కూడా, నాలుగింటికి మీటింగులో పెద్ద డాక్టరుగారు ఇది చూపించగానే ఉచిత నివారణ మాత్రలన్నీ ఎర్రగా ఉన్న వైపుకే వెళ్తాయి, ఫోను మోగుతోంది, వదిన, పట్టాల అవతల, తూర్పున ఉండే అన్నయ్య భార్య, ఏమ్మా పటాల రాణీ, మా కుక్క బూడిదగాడు రెండు మెట్లెక్కి కూలబడుతున్నాడే, దగ్గొకటి, మీ అన్నయ్యా అంతేననుకో, ఆయనకంటే పొట్ట అడ్డం, వీడికేం అడ్డం, నవ్వబోయి ఆగిపోయింది, నెలనెలా పురుగుమాత్ర వేస్తున్నావా వదినా, ఎక్కడ, మా వైపు ఒక్కదానికీ లేదని నువ్వేగా అన్నావు, మానేసి ఆర్నెల్లయింది.

అవును, తనే అంది, వాళ్ల వంటింట్లో నిలబడి గాల్లో వేలితో గీత గీసి మరీ చెప్పింది, వేలు నరుక్కోవాలనిపించింది, కానీ ఆగు, బూడిదగాడికి ఉంటే మిగతావాటికి ఎందుకు లేదు, లేదని తేలిన కుక్కల పరీక్ష చీటీలేవీ, బల్లకింద అట్టపెట్టెలో పడేసింది, లేనిదానికి సూది ఎవరు గుచ్చుతారని, నేలమీద చతికిలబడి పెట్టె గుమ్మరించింది, పురుగు లేని కుక్కకి ఆకుపచ్చ సూది, ఒకటి పడమట, ఇంకోటి పడమట, కట్ట తర్వాత కట్ట, రెండొందల డెబ్భై పచ్చసూదులు, అన్నీ ఎర్రవాటి మధ్యే, తూర్పున ఒక్కటంటే ఒక్కటి లేదు, నమూనాల పెట్టెతో వ్యాను డ్రైవరు లోపలికొచ్చాడు, అన్నా, పట్టాల అవతలి క్లినిక్కుల్లోంచి నెత్తురు ఎప్పుడు తెస్తావు, అవతలనా, ఆ గేటు పడిందంటే ముప్పావుగంట మేడమ్, ఎవడు కూర్చుంటాడు, వాళ్లు రమ్మనలేదు, నేను పోలేదు, మీరూ అడగలేదుగా.

సిగ్గుపడాల్సింది, కానీ ఒళ్లంతా జివ్వుమంటోంది, మెరక లేదు మన్ను లేదు, మూడు పేజీలూ చెత్తబుట్టకే, డాక్టరుగారికి ఫోను చేసింది, సార్, మాత్రలు ఒకవైపుకే అనకండి, అవతల ఒక్క కుక్కనీ మనం చూడలేదు, ఇప్పుడా తల్లీ చెప్పేది, ఇప్పుడేగా సార్ తెలిసింది, సరే తల్లీ, పటం అలాగే తీసుకురా, అడిగితే నువ్వే చెప్పుకో, తర్వాత వదినకి, వాణ్ని నడిపించకు, ఎత్తుకుని ఆటోలో తీసుకురా, నెత్తురు చూసేదాకా మాత్ర మాత్రం వెయ్యకు, లోపల పురుగులుంటే అదే ప్రాణం మీదికి తేవచ్చు, ఇక పెన్సిలు తీసి తూర్పంతా అడ్డగీతలు గీసి తెలియదు అని రాసింది, ఎంత హాయిగా ఉంది ఆ మాట రాస్తుంటే, అన్ని వందల చుక్కల నెత్తురు తీసి, ఏడాది కూర్చుని, దోమలు తిరిగే దారులనుకుంటూ తను గీసింది తమ వ్యాను తిరిగిన దారులనే.